మొదటి వెబ్ డిజైన్ ఉద్యోగం: మీ పనిని సరిదిద్దేది ఎవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా రెండు మాటల్లో చెబుతాను. తొమ్మిదేళ్ళుగా ఒక గిడ్డంగిలో సరుకు నిల్వల లెక్కలు చూస్తున్న మీరు, ఏడాదిగా రాత్రిళ్ళూ సెలవు రోజులూ కూర్చుని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, కొంత జావాస్క్రిప్ట్ (ఈ మూడూ వెబ్ పేజీల నిర్మాణం, రూపం, కదలికలను రాసే భాషలు), పేజీలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. ఇప్పుడు మీ ముందు మూడు అవకాశాలున్నాయి. మొదటిది ఏడుగురు పనిచేసే చిన్న ఏజెన్సీ. హోదా ‘జూనియర్ వెబ్ డిజైనర్’, జీతం ఇప్పుడు వస్తున్నదానికన్నా దాదాపు 30 శాతం తక్కువ. రెండోది ఒక పెద్ద వ్యాపార సంస్థలోని మార్కెటింగ్ విభాగం. హోదా ‘యూఐ, యూఎక్స్ డిజైనర్’ (తెర రూపాన్నీ, వాడుకరి అనుభవాన్నీ తీర్చిదిద్దేవారు), జీతం ఇప్పటిదానికి సమానం, కానీ అక్కడ మీరు తప్ప మరో డిజైనర్ ఉండరు. మూడోది, మూడు నెలలు జీతం లేకుండా పనిచేసి మెప్పిస్తే చేర్చుకుంటామంటున్న కొత్త సంస్థ. వీటిలో ఏది ఒప్పుకోవాలి, దేన్ని చూసి తేల్చుకోవాలి అని అడిగారు.

నేను అకౌంట్స్ విభాగంలో ఆరేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఈ రంగంలోకి వచ్చి 14 ఏళ్ళయింది. కొంతకాలంగా జూనియర్లను ఎంపిక చేసే పని కూడా నాదే. ఇటు నుంచీ అటు నుంచీ చూశాక నాకు బలంగా అనిపించే మాట ఒకటే: మొదటి ఉద్యోగంలో మీరు చేసిన పనిని వారం వారం దగ్గర కూర్చుని చూసి, తప్పు ఎక్కడుందో, ఎందుకు తప్పో చెప్పే చెయ్యి తిరిగిన మనిషి అక్కడ ఉన్నారా లేరా అన్నదే అన్నిటికన్నా ముందు చూడవలసిన సంగతి. హోదా, సంస్థ పేరు, వాళ్ళు వాడే సాధనాలు అన్నీ దాని వెనకే వస్తాయి. జీతానికి మాత్రం దిగకూడని ఒక హద్దు ఉంటుంది. దాని గురించి విడిగా చెబుతాను.

ఈ మాట ఎందుకంత గట్టిగా అంటున్నానో తెలియాలంటే నా మొదటి ఉద్యోగంలో రెండో వారం జరిగింది చెప్పాలి. ఒక క్లయింటుకు ‘మమ్మల్ని సంప్రదించండి’ పేజీలో చిన్న ఫారం చేసే పని నాకు ఇచ్చారు. పేరు, ఈమెయిలు, ఫోను నంబరు, సందేశం, కింద ఒక బటన్. రెండు రోజులు కష్టపడి, నా కంటికి ముచ్చటగా కనిపించేలా తయారుచేసి, మా సీనియర్ డిజైనర్‌కు చూపించాను. ఆవిడ ముందు మౌసును పక్కకు జరిపేశారు. కీబోర్డు మీద ట్యాబ్ మీట మాత్రమే నొక్కుతూ, “ఇప్పుడు నేను ఏ గడిలో ఉన్నాను?” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. గడి చుట్టూ బ్రౌజరు గీసే అవుట్‌లైన్ నాకు అందవికారంగా అనిపించి, సీఎస్‌ఎస్‌లో ఒక్క వరుసతో దాన్ని నేనే తీసేశాను. మౌసు పట్టలేని మనిషికి ఆ ఒక్క వరుస వల్ల ఫారమంతా చీకటిగది అయిపోతుందని అప్పటిదాకా నాకు తట్టనేలేదు. తర్వాత ఆవిడ ఈమెయిలు గడిలో రెండక్షరాలు టైపు చేశారు. గడి పేరును నేను విడిగా రాయకుండా గడిలోపల లేత అక్షరాల్లో పెట్టడం వల్ల, టైపు చేయగానే ఆ పేరు మాయమైంది. ఆ లేత అక్షరాల రంగు, కోడులో రాసే పద్ధతిలో, #999 (లేత బూడిద). తెల్లటి నేపథ్యం మీద ఆ రంగు కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, 2.85 మాత్రమే. మామూలు పరిమాణంలో ఉన్న అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 (వెబ్ పేజీలు వైకల్యాలున్నవారికి కూడా అందేలా చేసే మార్గదర్శకాలు) ప్రమాణం చెబుతోంది. ఆ రంగును #767676 వరకు ముదురు చేస్తే చాలు, నిష్పత్తి 4.5 దాటుతుంది. చివరగా పేజీని 200 శాతానికి పెద్దది చేసి చూపించారు. బటన్ మీద ‘పంపండి’ అన్న మాట సగం కోసుకుపోయింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. అంతకుముందు నేను సొంతంగా నేర్చుకున్న పది నెలల్లో ఈ నాలుగు తప్పుల్లో ఒక్కటి కూడా నా దృష్టికి రాలేదు. వచ్చే అవకాశమూ లేదు, ఎందుకంటే నా తెరమీద, నా కళ్ళకు, నా చేతి మౌసుకు ఆ ఫారం చక్కగానే పనిచేస్తోంది.

సొంతంగా నేర్చుకున్నవారికి ఉండే అసలు లోటు ఇదే. పాఠాలు, వీడియోలు ఎలా చేయాలో చెబుతాయి. మీరు చేసినదాంట్లో ఏది తప్పో అవి చూడలేవు. ఆ లోటును పూడ్చగలిగే చోటు మొదటి ఉద్యోగమే. అక్కడ కూడా పూడకపోతే, ఆ తప్పులు అలవాట్లుగా గట్టిపడి మీతోపాటు రెండో ఉద్యోగానికి వస్తాయి.

ఇక హోదా సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అందులో పెద్దగా సారం లేదు. ‘వెబ్ డిజైనర్’ అన్న ఒక్క మాట కింద ఒకచోట వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌లో తయారుగా దొరికే థీములో బొమ్మలు మార్చడం, మరోచోట ప్రకటనల బ్యానర్లు చేయడం, ఇంకోచోట ఈమెయిలు టెంప్లేట్లు, వేరొకచోట పూర్తి పేజీలను ఫిగ్మాలో గీసి తామే కోడు రాయడం ఉంటాయి. ‘యూఎక్స్’ అన్న అక్షరాలు చేరినంత మాత్రాన అక్కడ వాడుకరులతో మాట్లాడే పని ఉంటుందని కాదు. కాబట్టి ఉద్యోగ ప్రకటనలోని వర్ణన చదివి ఊహించుకోకుండా ఒక్క ప్రశ్న అడగండి: “ఈ స్థానంలో ఉన్నవారు, లేదా ఇలాంటి పని చేస్తున్నవారు, గత నెలలో పూర్తిచేసిన మూడు పనులు చెప్పగలరా?” నిజంగా పని ఉన్నచోట తడుముకోకుండా చెబుతారు. పని స్వరూపమే తేలనిచోట నీళ్ళు నములుతారు, లేదా “అన్నీ ఉంటాయి” అంటారు. ఆ జవాబు విన్న తర్వాత హోదా ఏమైనా మీకు దానితో పనిలేదు.

ఇప్పుడు ఏజెన్సీ విషయం. ఇంటర్వ్యూకు ముందు వాళ్ళు మీ పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) చూసినట్టే, మీరూ వాళ్ళ పోర్ట్‌ఫోలియోను పరీక్షించాలి. ఈ పని చాలామంది చేయరు, అందుకు నాకు చాలా బాధగా ఉంటుంది. ఎందుకంటే మరే వృత్తిలోనూ యజమాని పనితనం ఇంత తెరిచిన పుస్తకంలా ఉండదు. వాళ్ళు గత ఏడాదిలో చేశామని చెప్పుకున్న సైట్లలో మూడింటిని తెరవండి. ముందు ఫోనులో, ఖరీదైనది కాని ఫోనైతే ఇంకా మంచిది. మెనూ తెరుచుకుంటోందా, పక్కపక్కనున్న రెండు లింకుల్లో అనుకున్నదాన్నే వేలు తాకగలుగుతోందా చూడండి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ఇలా వేలితో తాకే బటన్లకు, లింకులకు కనీసం 24 సీఎస్‌ఎస్ పిక్సెళ్ళ పొడవు వెడల్పులు కావాలని, అంత లేనిచోట చుట్టూ తగినంత ఖాళీ ఉండాలని చెబుతోంది. తర్వాత కంప్యూటరులో ట్యాబ్ మీటతో పేజీ పైనుంచి కిందిదాకా నడవండి. క్రోమ్‌లోనే ఉన్న లైట్‌హౌస్ (పేజీని పరీక్షించే సాధనం) నడిపి, పేజీలోని ప్రధాన భాగం కనిపించడానికి ఎంతసేపు పడుతోందో చూడండి, 2.5 సెకన్లలోపు ఉంటే బాగుందని గూగుల్ లెక్క. ఆపైన పేజీ సోర్సు (దాని వెనకున్న కోడు) తెరిచి చూస్తే, మూడు సైట్లకూ ఒకే కొన్న థీము ఉందా, లేక ఒక్కోదాన్నీ కుదురుగా కట్టారా అన్నది మీకు ఇప్పటికే ఉన్న జ్ఞానంతో కూడా తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. క్లయింటు చేతికి వెళ్ళాక సైటు చెడిపోవడం మామూలే. పది మెగాబైట్ల ఫోటోను క్లయింటే పెట్టి ఉండవచ్చు. అందుకే ఒక్క సైటు చూసి తీర్పు చెప్పకండి. మూడింటిలోనూ ఒకే తప్పు కనబడితే మాత్రం అది క్లయింటు తప్పు కాదు, ఆ ఏజెన్సీ అలవాటు. రేపు అక్కడ చేరితే అది మీ అలవాటు అవుతుంది. థీము వాడటం తప్పని కూడా నేను అనడం లేదు. చిన్న వ్యాపారాలకు తక్కువ ఖర్చులో సైటు ఇవ్వడానికి అది న్యాయమైన దారే. అయితే రోజంతా తయారైన అచ్చులో బొమ్మలూ మాటలూ నింపడమే పని అయితే, ఏడాది తర్వాత మీకు ఆ అచ్చు గురించి తెలుస్తుంది తప్ప డిజైను గురించి తెలియదు. పైగా సాఫ్ట్‌వేర్ సాధనాలు తమంతట తామే చేసేస్తున్న పనుల్లో ఇదీ ఒకటి.

ఏజెన్సీలో ఉండే మరో సమస్య తొందర. అక్కడ ప్రతి గంటనూ ఏదో ఒక క్లయింటు ఖాతాలో రాస్తారు. మిమ్మల్ని సరిదిద్దడానికి సీనియర్ వెచ్చించే గంట ఎవరి ఖాతాలోనూ పడదు. కాబట్టి ఆ గంట నిజంగా ఉందా అన్నదే అడగాలి. ఒక డిజైనర్ ఒకేసారి ఎన్ని ప్రాజెక్టులు చూస్తారు, పని క్లయింటుకు వెళ్ళేముందు లోపల ఎవరు చూస్తారు, జూనియర్ పొరపాటు క్లయింటు దాకా వెళ్ళిన సందర్భంలో ఏం చేశారు అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు నాకు అన్నిటికన్నా ముఖ్యం. “అలాంటిది మా దగ్గర జరగదు” అంటే అది నిజం కాదు. “జరిగింది, అప్పటినుంచి పంపేముందు ఇద్దరం చూస్తున్నాం” అంటే ఆ చోటులో నేర్చుకోవచ్చు. ఏడుగురిలో ఇద్దరైనా అనుభవజ్ఞులైన డిజైనర్లు, వాళ్ళు అక్కడ రెండేళ్ళకు మించి ఉంటున్నవారు అయితే ఏజెన్సీలోని వేగం మీకు మేలే చేస్తుంది. పెద్ద సంస్థలో మూడేళ్ళకు కనిపించే రకరకాల పనులు మీకు ఏడాదిలో ఎదురవుతాయి, మొదలుపెట్టిన సైటు పూర్తయి జనం వాడటం మీరు చాలాసార్లు చూస్తారు.

రెండో అవకాశం గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలోని మాటల్ని బట్టి మనసు దానివైపే మొగ్గుతోందని నాకు అనిపించింది. జీతం తగ్గదు, సంస్థ పెద్దది, హోదా బాగుంది. మొగ్గడం సహజమే. కానీ అక్కడ మీరు ఒంటరి డిజైనర్. మీరు తెచ్చిన రెండు నమూనాల్లో ఏది నచ్చిందో మేనేజరు చెబుతారు. ఏది సరైనదో చెప్పగలిగినవారు ఉండరు. ఈ రెండింటికీ మధ్య దూరం చాలా ఉంది. అంతేకాక, సంస్థలో ఒక్కరే డిజైనర్ ఉన్నారని తెలియగానే అన్ని విభాగాల నుంచీ పనులు వచ్చిపడతాయి. అమ్మకాల వాళ్ళకు ప్రెజెంటేషన్, నియామకాల వాళ్ళకు పోస్టర్, పండగకు శుభాకాంక్షల బొమ్మ. ఏదీ కాదనలేరు, ఎందుకంటే మీరు కొత్త. ఇలా ఏడాది గడిచాక చూసుకుంటే వెబ్‌సైటు మీద చేసిన పని ఆరు వారాలకు మించదు.

ఇలాంటి ఉద్యోగంలో రెండేళ్ళు ఉండి వచ్చిన ఒక అభ్యర్థిని నేను ఇంటర్వ్యూ చేశాను. ఎంతో శ్రద్ధగల మనిషి, రంగుల పట్ల చక్కటి చూపు ఉంది. ఆమె చేసిన పేజీ కోడు కలిసి చూస్తుంటే, పేజీ శీర్షికకు హెచ్1 (మొదటి స్థాయి శీర్షిక గుర్తు) ఉంది, దాని తర్వాత ఉపశీర్షికలన్నీ నేరుగా హెచ్4లో ఉన్నాయి. ఎందుకని అడిగితే, “హెచ్2 అక్షరాలు మరీ పెద్దగా వస్తున్నాయి, హెచ్4 పరిమాణం సరిపోయింది” అన్నారు. శీర్షికల స్థాయి పేజీ నిర్మాణాన్ని చెబుతుందని, స్క్రీన్ రీడరు (తెరమీది మాటల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవారు ఆ స్థాయిల్ని పట్టుకునే పేజీలో తిరుగుతారని, పరిమాణాన్ని సీఎస్‌ఎస్‌లో మార్చుకోవచ్చని రెండేళ్ళలో ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమెకు ఆ ఉద్యోగం ఇవ్వలేకపోయాను. మేం అడిగింది రెండేళ్ళ అనుభవం; ఆమెకు ఉన్నది మొదటి నెల అనుభవం, అదే మళ్ళీ మళ్ళీ. ఆమె తెలివికీ కష్టానికీ అది తగని ఫలితం, ఈ సమాధానం ఇంత పొడవు రాయడానికి ఆ ఇంటర్వ్యూ కూడా ఒక కారణం.

అయితే ఒంటరి డిజైనర్ ఉద్యోగం ఎప్పుడూ వద్దని కాదు. ఆ సంస్థకు సొంత డెవలపర్ల టీమ్ ఉండి, మీరు రాసిన హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ వాళ్ళ కోడ్ రివ్యూ (రాసిన కోడును మరొకరు చదివి తప్పులు చెప్పే పద్ధతి) గుండా వెళ్ళాకే సైటులోకి ఎక్కే పద్ధతి ఉంటే, సగం లోటు తీరుతుంది. మంచి ఫ్రంట్ ఎండ్ (సైటులో వాడుకరికి కనిపించే భాగం) డెవలపరు డిజైనరుకు మంచి గురువు కాగలరు. లేదా, బయటి నుంచి ఒక సీనియర్ డిజైనర్‌ను నెలకు నాలుగైదు గంటలు మీ పని చూడటానికి సంస్థ ఖర్చుతో పెట్టుకోవడానికి వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మిగతా సగం కూడా తీరవచ్చు. ఇలా అడగడం వింతగా ఉంటుందేమోనని సందేహించకండి. డిజైనర్ లేని సంస్థకు, కొత్తవారి పని నాణ్యతను ఎవరు చూస్తారన్న ప్రశ్న తమకు కూడా మంచిదేనని వివరిస్తే అర్థమవుతుంది. అర్థం కాకపోతే, వాళ్ళకు కావలసింది సైటు బాగుండటం కాదు, పనులు తీరడం అని మీకు తెలుస్తుంది.

మూడో అవకాశాన్ని వదిలేయండి. మూడు నెలలు జీతం లేకుండా పనిచేయించుకోవడానికి ఏ పేరు పెట్టినా అది వెట్టి. ఎంపిక కోసం చిన్న పరీక్ష పెట్టడం వేరు. ఊహించిన ఒక సమస్య ఇచ్చి, రెండు నుంచి నాలుగు గంటల్లో అయ్యే పని అడిగి, తర్వాత మీతో కూర్చుని దాని గురించి మాట్లాడితే అది సబబే. తమ నిజమైన సైటులో వాడుకోబోయే పేజీని ‘పరీక్ష’గా చేయించుకుంటే అది డబ్బు చెల్లించవలసిన పని. శిక్షణ రుసుము కట్టమన్నా, మీ అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్నా అక్కడితో మాట ముగించండి. ఇలాంటి చోట్ల మీ పనిని సరిదిద్దేవారు ఉండటం మరీ అరుదు, ఎందుకంటే ఉచితంగా వచ్చేదాని మీద ఎవరూ సమయం ఖర్చుపెట్టరు.

ఇప్పుడు జీతం. మీకు ఇంటి బాధ్యతలున్నాయని రాశారు కాబట్టి, ‘నేర్చుకోవడం ముఖ్యం, డబ్బు తర్వాత చూసుకోవచ్చు’ అని నేను చెప్పను. ఆ మాట చెప్పడం తేలిక, నెలాఖరులో దాన్ని మోయడం కష్టం. ముందు ఒక కాగితం మీద తప్పించుకోలేని నెల ఖర్చు రాయండి. దానికి ఏడాదికోసారి వచ్చిపడే ఖర్చుల్లో పన్నెండో వంతు కలపండి. లెక్క తప్పేది చాలావరకు ఇక్కడే. ఇది మీ కింది హద్దు. ఆఫర్‌లో చేతికొచ్చే జీతాన్ని దీనితో పోల్చండి, మొత్తం ప్యాకేజీని కాదు. పనితీరును బట్టి ఇస్తామన్న మొత్తాన్ని సున్నాగా లెక్కవేయండి, వస్తే సంతోషం. చేతికొచ్చేది హద్దుకన్నా తక్కువైతే, ఆ లోటును ఎన్ని నెలలు మీ పొదుపు భరించగలదో చూడండి. నా అభిప్రాయంలో ఆ పొదుపు కనీసం 18 నెలలు రావాలి, ఎందుకంటే మొదటి ఉద్యోగంలో నేర్చుకున్నది రెండో ఉద్యోగపు జీతంగా మారడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అంత రాకపోతే ఏజెన్సీ ఎంత మంచిదైనా ఆ జీతానికి ఒప్పుకోకండి. అప్పుల ఒత్తిడితో కూర్చున్న మనిషికి విమర్శ వినే ఓపిక ఉండదు, ఆరో నెలలోనే ఎక్కువిచ్చే ఏదో ఒక చోటికి వెళ్ళిపోవలసి వస్తుంది.

గంటల లెక్క కూడా వేయండి. ఒకచోట వారానికి 40 గంటలకు 100 రూపాయలనుకోండి, మరోచోట 120 ఇస్తారు కానీ నిజానికి 55 గంటలు పనిచేయాలి. మొదటిచోట గంటకు రెండున్నర, రెండోచోట రెండు రూపాయల పద్దెనిమిది పైసలు. ఎక్కువ అనుకున్న జీతం గంటకు 13 శాతం తక్కువని తేలుతుంది. పైగా ఆ పదిహేను గంటలు మీరు చదువుకోవడానికీ ఇంటికీ దక్కవలసినవి. వారానికి నిజంగా ఎన్ని గంటలవుతాయన్నది హెచ్‌ఆర్‌ను అడిగితే తెలియదు; మీతో సమానంగా పనిచేయబోయేవారిని, “నిన్న మీరు ఎన్నింటికి పని ముగించారు?” అని అడిగితే తెలుస్తుంది.

జీతం మాట్లాడేటప్పుడు మీరు చేసే ఒక పొరపాటును మీ ఉత్తరంలోనే చూశాను: “నాకు అనుభవం లేదు కాబట్టి ఎంతిస్తే అంతకు ఒప్పుకోవాలేమో” అన్నారు. మీకు డిజైనులో అనుభవం లేదు, పనిలో అనుభవం లేకపోవడం కాదు. తొమ్మిదేళ్ళు నిల్వల లెక్క చూసినవారు తప్పుడు ఎంట్రీ ఎక్కడ పుడుతుందో ఎరుగుదురు. సరైన గడి కనబడక, లేదా రెండు గడుల పేర్లు ఒకేలా ఉండటం వల్ల గిడ్డంగిలో ఎన్ని పొరపాట్లు జరిగాయో మీరు కళ్ళారా చూశారు. ఫారాలు, పట్టికలు, వెతుకులాట పేజీలు డిజైన్ చేసేవారికి ఇంతకన్నా విలువైన నేపథ్యం ఏముంటుంది? గడువులు, సరఫరాదారులతో మాటలు, కోపంగా ఉన్న మనిషితో నెమ్మదిగా మాట్లాడటం ఇవన్నీ క్లయింట్ల ముందు కూర్చునేచోట మొదటి రోజు నుంచే అక్కరకు వస్తాయి. ఏజెన్సీ జాబితాలో రవాణా, సరుకులు, దుకాణాల క్లయింట్లు ఉన్నారేమో చూడండి. ఉంటే, 30 శాతం కోతను 20కి తగ్గించమని అడగడానికి మీ దగ్గర న్యాయమైన కారణం ఉన్నట్టే. తగ్గించలేమంటే, ఆరో నెలలో జీతాన్ని మళ్ళీ చూస్తామని, దేన్ని కొలిచి చూస్తారో కూడా కలిపి, ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. నోటిమాటగా చెప్పినవారు ఆరు నెలల తర్వాత అదే కుర్చీలో ఉంటారన్న భరోసా లేదు.

సంతకానికి ముందు ఒప్పందంలో కొన్ని చోట్ల ఆగి చదవండి. ప్రొబేషన్ ఎన్నాళ్ళు, ఆ సమయంలో ఇరువైపులా నోటీసు ఎంత. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న షరతు ఉందా. వెళ్ళిపోయాక పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఎంత విస్తారంగా ఉంది. బయట సొంతంగా చేసుకునే పని మీద కూడా హక్కు వాళ్ళదేనని రాశారా. ఇవి ఎంతవరకు చెల్లుతాయన్నది చోటును బట్టి మారుతుంది కాబట్టి, అనుమానం ఉంటే అక్కడి చట్టం తెలిసినవారికి చూపించండి. డిజైనర్‌కు ప్రత్యేకంగా కావలసింది ఇంకొకటి: అక్కడ చేసిన పనిని మీ పోర్ట్‌ఫోలియోలో చూపించే అనుమతి. చాలామంది ఈ మాట అడగకుండా చేరి, రెండేళ్ళ తర్వాత చూపించడానికి ఏమీ లేక చేతులు ఖాళీగా నిలబడతారు. రహస్యంగా ఉంచవలసిన వివరాలు తీసేసి చూపిస్తానని ముందే చెబితే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి.

సాధనాల గురించి కూడా అడిగారు; పెద్ద సంస్థ ఫిగ్మా వాడుతుందని, ఏజెన్సీ కొంత పని నేరుగా కోడులోనే చేస్తుందని రాశారు. దాన్ని పట్టించుకోకండి. నేను వచ్చేనాటికి ఫోటోషాప్‌లో పేజీ గీసి ముక్కలుగా కోయడమే పద్ధతి. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ (తెర పరిమాణాన్ని బట్టి పేజీ తనంతట తానే సర్దుకోవడం) అన్న ఆలోచనను వివరించాక పని తీరే మారింది. 2017లో సీఎస్‌ఎస్ గ్రిడ్ (పేజీని అడ్డు, నిలువు గళ్ళుగా అమర్చే పద్ధతి) ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది, 2020 డిసెంబరు 31తో, వెబ్‌లో కదిలే బొమ్మలకు వాడిన ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసింది. ఇన్ని మారినా హెచ్‌టీఎంఎల్ నిర్మాణం, అక్షరాల పొందిక, ఖాళీ స్థలాన్ని వాడటం, అందరికీ అందేలా చేయడం వీటిలో నాకు మొదట సరిదిద్దిన ప్రతి విషయమూ ఇప్పటికీ పనికొస్తోంది.

కాబట్టి మీ విషయంలో నా సలహా ఏజెన్సీవైపే, రెండు షరతులతో: చేతికొచ్చే జీతం మీ పొదుపుతో కలిపి 18 నెలలు నడవాలి, మీ పనిని చూసే సీనియర్ ఎవరో పేరుతో సహా ముందే తెలియాలి. ఈ రెంటిలో ఏది కుదరకపోయినా, ప్రస్తుత ఉద్యోగంలోనే ఉండి మరో మూడు నాలుగు నెలలు వెతకడం మేలు. పెద్ద సంస్థ ఆఫర్‌ను డెవలపర్ల రివ్యూ ఉందని తేలితేనే తీసుకోండి. జవాబు చెప్పడానికి వారం రోజుల గడువు అడగండి. ఈరోజే చెప్పాలని ఒత్తిడి చేసేచోట, చేరాక కూడా పని అలాగే నడుస్తుంది.

ఆ వారంలో ఏజెన్సీకి ఒక చిన్న ఉత్తరం రాయండి. చేరాలన్న ఆసక్తి ఉందని, నిర్ణయానికి ముందు మీతో పనిచేయబోయే సీనియర్ డిజైనర్‌తో అరగంట మాట్లాడే అవకాశం ఇవ్వమని అడగండి. వెళ్ళేటప్పుడు మీ పోర్ట్‌ఫోలియోలో ఉన్న నిల్వల నమోదు పేజీని వెంట తీసుకువెళ్ళండి. అది మీరు బాగా ఎరిగిన పని, సమర్థించుకోగలిగిన పని. “ఇందులో మీరైతే ఏం మారుస్తారు?” అని అడిగి, పదినిమిషాలు మాట్లాడకుండా వినండి. వారు ‘బాగుంది’ అని ఊరుకుంటున్నారా, రంగు నచ్చలేదంటున్నారా, లేక మీరు చెప్పకుండానే కీబోర్డు దగ్గరికి జరిగి ట్యాబ్ మీట మీద వేలు పెడుతున్నారా చూడండి.